కింగ్ వ్యాలీలో ఇటలీ ద్రాక్ష, పొగాకు బ్యారన్

"అమ్మాయ్, కారు ఆపమను" అన్నాడు నాన్న. మేం వెళ్తున్న విట్‌ఫీల్డ్ ఊరు ఇంకా కొంచెం దూరం ఉంది. రోడ్డు పక్క పచ్చికలో తుప్పు పట్టిన రేకుల షెడ్డు ఒకటి పొడుగ్గా, కిటికీల్లేకుండా నిలబడి ఉంది. కంచె దాకా నడిచి వెళ్ళి చూసొచ్చి "బ్యారనే" అన్నాడు.

టంగుటూరు దగ్గర మా ఊళ్ళో మాకు రెండు బ్యారన్లు, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే షెడ్లు, ఉండేవి. నాన్న ముప్పయ్యేళ్ళు పొగాకు వేశాడు. ఆస్ట్రేలియాలో వైన్ చూడ్డానికి వచ్చి మొదట బ్యారన్ చూస్తాడని నేననుకోలేదు. మెల్‌బోర్న్ నుంచి హ్యూమ్ ఫ్రీవే మీద మూడు గంటల దూరంలో ఉన్న ఈ కింగ్ వ్యాలీ లోయలో ఒకప్పుడు పండింది పొగాకే. పండించిన వాళ్ళలో చాలామంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు. పొగాకు గిట్టుబాటు తగ్గే కొద్దీ ఒక్కొక్కరే ద్రాక్షకు మారారు. 2006లో విక్టోరియా రాష్ట్రంలో పొగాకు సాగు పూర్తిగా ఆగిపోయింది. తీగల మధ్య పాత బ్యారన్లు మాత్రం అక్కడక్కడా మిగిలాయి.

మేం వెళ్ళింది ఏప్రిల్‌లో. ఆకులు పసుపు తిరుగుతున్నాయి, తెల్లవారితే చలి. రుచి చూడ్డానికి ఈ కాలమే మంచిదని నా అభిప్రాయం. కోతలు చాలావరకు అయిపోతాయి కాబట్టి వైన్ పోసేవాళ్ళకు నిలబడి మాట్లాడే తీరిక ఉంటుంది.

మొదట దాల్ జొట్టో అనే వైనరీలో ఆగాం. ఆస్ట్రేలియాలో ప్రొసెకో ద్రాక్షను 1999లో మొదటగా నాటింది ఈ కుటుంబమే. చల్లటి బుడగల వైన్‌తో నాలుక శుభ్రమయ్యాక ఎర్ర వైన్ల కోసం పిజ్జీనీకి వెళ్ళాం. వీళ్ళూ ఒకప్పుడు పొగాకు రైతులే. 1978లో ద్రాక్ష నాటారు, తర్వాత ఇటలీ రకాల వైపు తిరిగారు.

సాంజియోవేజీ ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ద్రాక్ష. దాంతో చేసిన వైన్లలో మొదట పోసింది 'నొన్నా జిసెల్లా'. పల్చటి ఎరుపు, చెర్రీ వాసన. నోట్లో పెట్టుకోగానే నాకు తట్టింది వాక్కాయ. ఆ పులుపు, దాని వెనకే వచ్చే సన్నని వగరు, చివర్లో కాస్త మట్టి వాసన. తీపి లేదు. దాని తర్వాత పోసిన 'పియెత్రా రోస్సా' ఇంకాస్త చిక్కన. రాత్రి చలి పులుపును కాపాడుతుందట. లోయ కింద మిలావా ఊరి దగ్గర సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తులో మొదలయ్యే తోటలు విట్‌లాండ్స్ పీఠభూమి మీద సుమారు 800 మీటర్ల దాకా ఎక్కుతాయి.

నెబ్బియోలో అనే ఇంకో ఇటలీ రకం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. రంగు చూస్తే నీళ్ళ మజ్జిగంత పల్చన, గులాబీ వాసన, ఇంకేం, తేలికదే అనిపిస్తుంది. గుటక దిగాక చిగుళ్ళు బిగుసుకుపోయాయి. మందు తాగని మనిషైన నాన్న నా గ్లాసులోంచి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, "పచ్చి నేరేడుకాయ కొరికినట్టుంది" అన్నాడు. పేజీల కొద్దీ రుచి వర్ణనలు చదివాను గానీ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఈ వగరు కోసమే నెబ్బియోలోను ఏళ్ళ తరబడి సీసాలో పడుకోబెడతారు.

బార్బెరా దీనికి తిరగబడ్డ రకం. రంగు చిక్కన, పులుపు ఎక్కువ, వగరు చాలా తక్కువ. మన వంటకు దగ్గరది ఇదే. కారం తిన్న నోటికి వగరు వైన్ పడితే మంట పెరుగుతుంది. ఇంటికొచ్చాక పరీక్షగానే టమాటా వేసిన మటన్ కూరతో రెండూ తాగి చూశాం. బార్బెరా కూరలో కలిసిపోయింది, నెబ్బియోలో నోరు మండించింది.

పోసిన చోటల్లా ఉమ్మడానికి గిన్నె ఉంటుంది, మొహమాటపడక వాడండి. విక్టోరియాలో బండి నడిపేవాళ్ళ రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతానికి చేరకూడదు. కొత్త లైసెన్సు వాళ్ళకైతే సున్నా. మా ఆయన నడిపాడు కాబట్టి ఒక్క గుటకా మింగలేదు. రోజుకు రెండు సెల్లార్ డోర్లు (వైనరీలో రుచి చూపించే చోట్లు) చాలు, మూడోదానికి నాలుక మొద్దుబారిపోతుంది.

2019-20 కార్చిచ్చుల సంగతి నేనే అడిగాను. ఆ ఏడాది పొగ ఈ లోయను కమ్మేసి ఎర్ర వైన్లను బాగా దెబ్బతీసింది. పొగలోని పదార్థాలు ద్రాక్ష తొక్కలోకి ఇంకి, పులిసేటప్పుడు బయటపడి వైన్‌కు బూడిద వాసన తెస్తాయి. ఎర్ర వైన్‌ను తొక్కతోనే పులియబెడతారు కాబట్టి దానికే దెబ్బ ఎక్కువ. నాచేత తెలుగులో చెప్పించుకుని విన్న నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బ్యారన్‌లో కూడా ఆకుకు పొగ తగలకూడదమ్మా. గొట్టాల్లోంచి వేడే రావాలి. గొట్టానికి చిల్లు పడితే బ్యారన్ మొత్తం పోయినట్టే" అన్నాడు. కౌంటర్ అవతలి అమ్మాయికి అది చెప్పాను. ఆమె సీసా పక్కన పెట్టి నాన్నను ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆ అరగంట కోసమే మళ్ళీ వెళ్తాను.

బస సంగతి. మొదటి రాత్రి వాంగరట్టా పట్టణంలో మోటెల్. చవక, శుభ్రం, రాత్రంతా లారీల మోత. విట్‌ఫీల్డ్ అక్కడి నుంచి యాభై కిలోమీటర్ల లోపే. రెండో రాత్రికి లోయలోనే ఒక కాటేజీ తీసుకున్నాం. కిటికీ తీస్తే తోట, వంటగది ఉంది, కానీ హీటర్ పనిచేయలేదు. ఫోన్ చేస్తే పొద్దున దాకా ఎవరూ రాలేరన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి రెండు కోట్లు తొడుక్కుని పడుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బుకు అది అన్యాయం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు తాళం తీసుకున్న వెంటనే, వెలుతురుండగానే హీటర్ వేసి చూసుకోండి. లోయలోనే ఉన్న చెషంట్ ఊరి వైపు ఫోన్ సిగ్నల్ కూడా నమ్మకం లేదు, దారి మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి. వాంగరట్టా దాకా రైలుంది గానీ లోయలో తిరగడానికి కారు తప్పదు.

తిరుగు దారిలో మిలావాలో చీజ్ కొన్నాం. నాలుగు సీసాలు తెచ్చుకున్నాం, బార్బెరా రెండు, మిగతావి ఒక్కొక్కటి. నాన్న కొన్నదేమీ లేదు. ఆ బ్యారన్ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఇదెన్ని కర్రలు పడుద్ది?" అని మొదటి ప్రశ్న వచ్చింది, ఆకు కట్టి వేలాడదీసే కర్రలన్నమాట. పదహారు పదహారు అడుగుల బ్యారన్ లాగే ఉందని, కంచె అడ్డమని, లోపలికెళ్ళి కొలవలేదని రాశాడు.