‘సీమ్‌లెస్’ అన్న మాట నమ్మి స్విచ్ బాక్స్ కొనకండి, ముందు వైరు పీకి చూడండి

పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ లైవ్ ఇచ్చే అన్నలూ, తమ్ముళ్లూ, ఒక కెమెరా సిగ్నల్ పోతే రెండోదానికి మార్చే రెండు ఇన్‌పుట్ల ఆటో స్విచ్ బాక్స్ కొనే ఆలోచనలో ఉంటే కాస్త ఆగండి. నేను 38,000 రూపాయలు పెట్టి కొన్నాను. ఆ డబ్బు కన్నా, ఒక ఇంటివాళ్లకు మళ్లీ రాని నిమిషం పోయిందనే నా బాధ.

ప్రొద్దుటూరులో పెళ్లి, తెల్లవారుజాము ముహూర్తం. పెళ్లికూతురి అన్నకు సెలవు దొరకలేదు, అమెరికాలో యూట్యూబ్ పెట్టుకుని కూర్చున్నాడు. మండపం ఎదురుగా ఒక కెమెరా, పక్కన స్టాండు మీద ఇంకొకటి. రెండూ ఆ బాక్సులోకే. ఒకటి పోతే రెండోది దానంతటదే వస్తుంది, చూసేవాళ్లకు తెలియనే తెలియదని, అదే ‘సీమ్‌లెస్’ అని అమ్మినవాళ్ల మాట. గట్టిమేళం మొదలవగానే అక్షింతలు వేయడానికి జనం ఒక్కసారిగా ముందుకొచ్చారు. ఎవరి కాలో తగిలి, బొమ్మా సౌండూ రెండూ మోసే మెయిన్ కెమెరా హెచ్‌డీఎంఐ వైరు ఊడింది. స్క్రీన్ నల్లబడింది. ఐదారు సెకన్ల తర్వాత రెండో కెమెరా బొమ్మ వచ్చింది కానీ సౌండు రాలేదు, మైకు వైరు మొదటి కెమెరాకే పెట్టి ఉంది మరి. అప్పటికే మూడు ముళ్లూ పడిపోయాయి.

ఆ అబ్బాయి ఫోన్ చేసి ఒక్క మాట కూడా తిట్టలేదు. “అన్నా, దీనికోసమే ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చినా” అన్నాడు. కెమెరా కార్డులో ఉన్న క్లిప్పు పంపాను. కానీ అది లైవ్ కాదు కదా.

మరుసటి రోజు ఇంట్లో టేబుల్ మీద పెట్టి పదిసార్లు వైరు పీకి చూశాను. ప్రతిసారీ అంతే. లోపల ఫ్రేమ్ సింక్, అంటే రెండు కెమెరాల బొమ్మల్నీ ఒకే టైముకు కలిపే ఏర్పాటు, లేదు. రెండు కెమెరాల ఫ్రేములు (వీడియోలోని ఒక్కో బొమ్మ) ఎప్పుడూ ఒకే క్షణంలో మొదలవవు. వాటిని ఒకే గడియారానికి తెచ్చి, అవుట్‌పుట్ ఒక్క క్షణం కూడా ఆగకుండా ఇవ్వగలిగితేనే సీమ్‌లెస్. ఈ బాక్సు ఊరికే ఒక దారి మూసి ఇంకో దారి తెరుస్తుంది. అప్పుడు ఎన్‌కోడర్, అంటే వీడియోను నెట్‌లోకి పంపే పెట్టె, సిగ్నల్‌ను మళ్లీ మొదటి నుంచి పట్టుకోవాలి. ఒక కెమెరాకు సెకనుకు 50 ఫ్రేములు, ఇంకొకదానికి 25 పెడితే ఇంకా ఆలస్యం.

దీనికన్నా భయపెట్టిన సంగతి ఇంకొకటుంది. కెమెరాకు లెన్సు మూత పెట్టాను. మారలేదు. బొమ్మను కదలకుండా ఆపేశాను. అప్పుడూ మారలేదు. నల్లటి బొమ్మయినా సిగ్నల్ వస్తూనే ఉంది కాబట్టి దాని లెక్కలో అంతా బాగానే ఉన్నట్టు. నిజంగా కెమెరా హ్యాంగ్ అయితే మనల్ని కాపాడేది ఏదీ లేదు. అమ్మినవాళ్లకు వీడియో పంపితే “ఆటోగా మారుతోంది కదా సార్, రిటర్న్ కుదరదు” అన్నారు.

వాళ్లే రెండు సిమ్‌ల మోడెమ్ కూడా అంటగట్టబోయారు. రెండు సిమ్‌లూ ఒకే టవర్ మీద ఉంటే, రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తే అవి రెండు లైన్లు కావు. రెండు కెమెరాలకూ ఒకే కరెంటు బోర్డు నుంచి ఇచ్చినా అంతే. పెద్ద చానళ్లు వాడే ఎస్ఎంపీటీఈ 2022-7 అనే ప్రమాణం పద్ధతిలో ఒకే ప్యాకెట్లు (వీడియోను ముక్కలు చేసి నంబరు వేసినవి) రెండు వేరు దారుల్లో వెళ్తాయి, ఒక దారిలో తప్పిపోయింది రెండో దారి నుంచి నంబరు చూసి తీసుకుంటారు. మన స్థాయికి యూట్యూబే బ్యాకప్ సర్వర్ అడ్రస్ ఇస్తుంది. రెండో ఎన్‌కోడర్‌ను అదే సెట్టింగులతో, వేరే నెట్ మీద దానికి పంపొచ్చు.

ఇప్పుడు నేను ప్రతి ఇన్‌పుట్‌కూ ఫ్రేమ్ సింక్ ఉన్న వీడియో మిక్సర్ వాడుతున్నాను. సౌండు నేరుగా దానికే ఇస్తాను, కెమెరాకు కాదు. మార్చేది నా చేత్తోనే.

మీరు కొనేటప్పుడు మీ కెమెరాలే షాపుకు తీసుకెళ్లండి. పాట పెట్టి, ఎన్‌కోడర్ తగిలించి, రికార్డు చేస్తూ వైరు పీకండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. ఆ పాత బాక్సు నా దగ్గరే ఉంది. జమ్మలమడుగు, మైదుకూరు వైపు వాళ్లు ఎవరైనా వస్తే తగిలించి చూపిస్తాను.