అకార్డియన్ రీడ్ వాల్వులు: తోలు మేలా, ప్లాస్టిక్ మేలా?

విశాఖపట్నంలో పాత ఇటాలియన్, జర్మన్ అకార్డియన్లు వాయించేవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది: రీడ్ల (గాలికి కంపించి స్వరమిచ్చే లోహపు నాలుకల) మీది తోలు వాల్వులు (పలకని నాలుక సందులోంచి గాలి పోకుండా మూసే సన్నని పట్టీలు) వంకరపోయినప్పుడు వాటినే సాపు చేయించుకోవాలా, కొత్త తోలు వేయించాలా, లేక ప్లాస్టిక్‌కు మారాలా? పదార్థం సంగతికి ముందు, చెడిన వాల్వు రీడ్ ప్లేటుకు (రెండు వైపులా ఒక్కో నాలుక బిగించిన లోహపు పలకకు) ఏ వైపున ఉందో తేల్చుకోవాలని నా అభిప్రాయం. శ్రమ, ఖర్చు రెండూ దాన్ని బట్టే ఉంటాయి.

బెలోస్ (మడతల గాలితిత్తి) మూసేటప్పుడు బయటి నాలుక, తెరిచేటప్పుడు రీడ్ బ్లాకు (ప్లేట్లు అమర్చిన చెక్క దిమ్మ) గదిలోకి తిరిగి ఉన్న నాలుక పలుకుతాయని వాయించేవారికి తెలిసిందే. ప్రతి నాలుక సందును మూసే వాల్వు ప్లేటుకు అవతలి వైపు ఉంటుంది, కాబట్టి మూసేటప్పుడు లోపలి నాలుక సందును బయటి వాల్వు, తెరిచేటప్పుడు బయటి నాలుక సందును లోపలి వాల్వు మూయాలి. మూసేటప్పుడు స్వరం ఆలస్యంగా అందుకున్నా, గాలి ఎక్కువగా ఖర్చవుతున్నా సాధారణంగా బయటి వాల్వు సరిగా మూసుకోవడం లేదని అర్థం. అదే లోపం తెరిచేటప్పుడు కనిపిస్తే అనుమానించవలసింది లోపలి వాల్వును. బయటిదాన్ని ప్లేటు కదపకుండానే మార్చవచ్చు. లోపలిదాన్ని మార్చాలంటే తేనెమైనం, రోజిన్ కలిపి పోసిన అతుకును తొలగించి, ప్లేటును ఊడదీసి, శుభ్రం చేసి, పని ముగిశాక గాలి చొరబడకుండా మళ్లీ మైనం పోయాలి. హార్మోనియం రీడుకు నాలుక ఒకటే, దానికి ఇలాంటి వాల్వు అవసరమే లేదు. కాబట్టి హార్మోనియం బాగుచేసేవారు ఎంత నేర్పరులైనా ఈ పని వారికి కొత్తదే కావచ్చునని గుర్తుంచుకుని, అప్పగించే ముందు ఒక మాట అడగడం మంచిది.

ఇక మన ఊరి సంగతి. సముద్రపు గాలి వల్ల ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం తేమ ఉంటుంది. తోలు ఆ తేమను పీల్చుకుంటుంది, ఏసీ గదిలోకి వెళ్లగానే వదిలేస్తుంది. ఇలా పీల్చుతూ వదులుతూ ఉండగా కొంతకాలానికి దాని కొన ప్లేటుకు అంటక పైకి లేస్తుంది, కొన్నిసార్లు బూజు కూడా పడుతుంది. ప్లాస్టిక్‌కు ఆ బాధ లేదు. అయితే పెద్ద బాసు రీడ్ల మీద అది టపటపమని చప్పుడు చేసే అవకాశం ఎక్కువ, పైగా ఒకసారి వంగి మడత పడితే మళ్లీ సాపు కాదు. పలచని గొర్రె తోలు మెత్తగా మూసుకుంటుంది, స్వరంలో కరకుదనం తక్కువగా వినిపిస్తుంది. చెవికి మాత్రమే పట్టం కట్టాలంటే నేను తోలుకే కడతాను.

కానీ లోపలి వాల్వు కోసం మాటిమాటికి మైనం విప్పించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. బయట తోలు, లోపల ప్లాస్టిక్ వేద్దామంటే, ఒకే స్వరం మూసేటప్పుడు ఒక తీరుగా, తెరిచేటప్పుడు మరో తీరుగా పలికే ప్రమాదం ఉంది. అందువల్ల ఒక ప్లేటుకు రెండు వైపులా ఒకే పదార్థం ఉండాలన్నది నా నియమం. దాని ప్రకారం విశాఖలో ఉండే వాద్యానికి బాసు, మంద్ర రీడ్లకు తోలు, మధ్య స్థాయి నుంచి పైవాటికి ప్లాస్టిక్ వేయించుకోవడం ఉత్తమమని భావిస్తున్నాను. అన్నిటికన్నా చిన్న రీడ్లకు వాల్వు మొదటి నుంచీ లేకపోతే కొత్తగా పెట్టించవద్దు.

పాత తోలును వేళ్లతో నిమిరి సాపు చేయడం, దాని మీద సన్నని స్ప్రింగు పట్టీ అంటించడం బయటి వైపు ఒకటి రెండు వాల్వులకు పనికొస్తాయి. తోలు గట్టిపడిపోయి ఉంటే వాటి వల్ల లాభం లేదు. చెప్పుల దుకాణంలో దొరికే తోలు మందం ఎక్కువ, దాన్ని అసలే వాడవద్దు.

ఏది వేయించినా జిగురు రివెట్ (నాలుకను ప్లేటుకు బిగించిన మేకు) వైపు చివర మాత్రమే, చాలా కొద్దిగా పూయాలి. వాద్యాన్ని పడుకోబెట్టి ఉంచితే తోలు ఒక వైపు వేలాడి వంగుతుంది గనుక, వాయించేటప్పుడు ఉండే తీరులోనే నిలబెట్టి ఉంచాలి. వాల్వు మారితే శ్రుతి కొద్దిగా జరుగుతుంది. కాబట్టి వాల్వులన్నీ వేసి, కొన్నాళ్లు వాయించి, అవి ప్లేటు మీద కుదురుకున్నాకే శ్రుతి చేయించాలి; ముందే రీడును గీకిస్తే ఆ లోహం తిరిగి రాదు.