అన్‌బౌండ్‌తో ఆరేళ్లు

మాది అమలాపురం పక్క పల్లెలో చిన్న నెట్టు వ్యాపారం. కేబుల్ టీవీ వైర్లు లాగిన చేత్తోనే ఫైబరూ లాగాం. ఇప్పుడు 600 ఇళ్లున్నాయి. ఫోన్లో ఏ సైటు పేరు కొట్టినా దాని ఐపీ అడ్రసు, అంటే నెట్టులో దాని నంబరు, వెతికిపెట్టే డీఎన్ఎస్ పని మా ఆఫీసు మూలనున్న పాత కంప్యూటరుది. దాని మీద ఉచిత డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్లు మూడు వాడి చూశాను. ఆరేళ్లుగా నిలిచింది అన్‌బౌండ్.

మొదట డీఎన్ఎస్‌మాస్క్ పెట్టాను. ఒక ఇంటికో కొట్టుకో అయితే ఇప్పటికీ అదే పెట్టుకోమంటాను. ఇంట్లో ఫోన్లకీ కంప్యూటర్లకీ ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పని కూడా అదే చూసుకుంటుంది. కానీ మామూలు సెట్టింగులో పైనున్న వేరే డీఎన్ఎస్ సర్వరుకి పంపే ప్రశ్నలు ఒకేసారి 150 దాటనివ్వదు. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా ఫోన్లు పట్టుకునేసరికి లాగ్ నిండా ఆ గోలే. ఆ అంకె పెంచాను. అయినా అది సొంతంగా వెతకదు, పైవాడిని అడిగి చెబుతుంది. పైవాడు నెమ్మదిస్తే మనమూ నెమ్మదే.

తర్వాత బైండ్. 1980ల్లో బర్క్‌లీలో పుట్టిన పెద్దాయన, రాని పని లేదు. పేర్లు వెతకడమూ, మన సొంత డొమైనుకి జవాబు చెప్పడమూ రెండూ చేస్తాడు. సొంత డొమైను పేర్లూ అడ్రసులూ రాసే జోన్ ఫైల్లో పేరు చివర చుక్క మరిచిపోయి ఓ ఆదివారమంతా పోగొట్టుకున్నాను. చుక్క లేకపోతే డొమైను పేరు రెండుసార్లు అతుక్కుంటుంది. తప్పు నాదే. కాకపోతే ఆ రెండు పనులూ ఒకే చోట పెట్టుకోవడం మాలాంటివాళ్లకి బరువు. సొంత డొమైనుకి ఇప్పుడు ఎన్ఎస్‌డీ వాడుతున్నాను. అదీ అన్‌బౌండ్ చేసిన నెదర్లాండ్స్‌ ఎన్ఎల్‌నెట్ ల్యాబ్స్ వాళ్లదే. చుక్క బాధ అక్కడా తప్పదనుకోండి.

పేర్లు సొంతంగా వెతికే పనికి అన్‌బౌండ్ పెట్టిన రోజే ఫోన్లు మోగాయి, "ఏవండీ, నెట్టు రావట్లేదండీ" అని. సొంత మెషీను తప్ప ఇంకెవరు అడిగినా జవాబివ్వదు, అది దాని డిఫాల్టు. ఎవరికి జవాబివ్వాలో చెప్పే యాక్సెస్ కంట్రోల్లో మా ఐపీలు రాశాక దారికొచ్చింది. ఆ పట్టింపు మంచిదే. తలుపు బార్లా తీసిపెడితే ఎవరి మీదో దాడికి మన సర్వరుని వాడుకుంటారు.

నాకు బాగా నచ్చింది సర్వ్ ఎక్స్‌పైర్డ్ అనే సెట్టింగు. ఇదివరకు వెతికి దాచుకున్న జవాబుకి గడువు తీరినా ముందు అదే ఇచ్చేసి, కొత్తది వెనక తెచ్చుకుంటుంది. గాలివానకి కొబ్బరి మట్టలు పడి లైను తెగితే ఇదేమీ చేయలేదు. కానీ లైను వస్తూ పోతూ ఉన్న పూట తేడా కస్టమర్లకే తెలుస్తుంది.

ఒక్కసారి మాత్రం చుక్కలు చూపించింది. రాత్రంతా కరెంటు లేదు, ఇన్వర్టరూ దిగిపోయింది. పొద్దున్న మెషీను లేచింది గానీ ఏ పేరడిగినా సర్వ్‌ఫెయిలే, అంటే జవాబు తేలేకపోయాననే. మదర్‌బోర్డు సెల్లు అయిపోయి గడియారం ఏళ్ల వెనక్కి పోయింది. జవాబు అసలుదేనని రుజువు చేసే డీఎన్ఎస్‌సెక్ సంతకాలకి తేదీలుంటాయి కాబట్టి అన్నీ చెల్లనివని తోసేసింది. గడియారం సరిచేసే ఎన్‌టీపీ సర్వరుని పట్టుకోవాలన్నా దాని పేరు వెతకాల్సింది అన్‌బౌండే. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు! చేత్తో తేదీ పెట్టి గండం గడిపాను. కొత్త సెల్లు వేశాను, ఎన్‌టీపీకి పేరుతో పాటు ఐపీ అడ్రసు కూడా రాసిపెట్టాను.

మిగిలిన విసుగల్లా ఒకటే, రీస్టార్టు చేస్తే క్యాష్, అంటే దాచుకున్న జవాబులు, మొత్తం ఖాళీ. అందుకే అప్‌డేట్లు తెల్లారుజామున నాలుగింటికి, పాలవాడికంటే ముందు లేచి వేస్తుంటాను.