పెద్దవాళ్ళు పడిపోకుండా ఉండాలంటే ఏది మేలు: డి విటమిన్ పొడా, ఎక్సర్‌సైజా, బాత్రూమ్‌లో రాడ్డా?

సంక్రాంతికి వచ్చినవాళ్ళం అందరం తిరిగి వెళ్ళిపోయిన నాలుగో రోజు పొద్దున్నే మా అమ్మ దొడ్లో బాత్రూమ్ ముందున్న బండ మీద కాలు జారి పడింది. 74 ఏళ్ళు. తుంటి విరగలేదు, అదే పదివేలు, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ మా ఫ్యామిలీ గ్రూపులో ఇదే చర్చ, అన్నయ్యేమో ముందు డి విటమిన్ పొడి మళ్ళీ మొదలుపెట్టండి ఎముక గట్టిపడితే సగం భయం పోతుంది అంటాడు, బాబాయి పొద్దున్నే అరగంట నడిస్తే ఇవేవీ రావమ్మా అంటాడు, నాకేమో ముందు ఆ బాత్రూమ్ సంగతి చూడాలనిపిస్తుంది. ముగ్గురం అమ్మ మీద ప్రేమతోనే చెప్తున్నాం కానీ ముగ్గురిలో ఏ ఒక్కరి దగ్గరా ఆధారం లేదు. అందుకే రాత్రిళ్ళు కూర్చుని దీని మీద ట్రయల్స్ ఏం తేల్చాయో వెతికి చదివాను. నేను టీచర్ని, డాక్టర్ని కాదు, మందుల దగ్గర మీ డాక్టర్ మాటే వినండి.

ఇదేదో మా ఇంటి గొడవ కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు, ప్రమాదాల వల్ల పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే, అందులోనూ 60 దాటినవాళ్ళే ఎక్కువ. మన ఇళ్ళల్లో మాత్రం "వయసు మీద పడింది కదా, తూలుతుంటారు" అని ఒక్క మాటతో వదిలేస్తాం.

ముందు అన్నయ్య చెప్పిన పొడి సంగతి. 60,000 యూనిట్ల ప్యాకెట్, పాలల్లో కలిపి వారానికోసారో నెలకోసారో తాగేది, మీ ఇంట్లో కూడా ఏదో ఒక డబ్బాలో ఉండే ఉంటుంది. సరిగ్గా ఇదే డోసుతో ఆస్ట్రేలియాలో డి-హెల్త్ అని పెద్ద ట్రయల్ చేశారు. 60 నుంచి 84 ఏళ్ళ మధ్య వాళ్ళు 21 వేల మందికి పైగా, చీటీలేసినట్టు రెండు గుంపులు చేసి సగం మందికి నెలకి 60,000 యూనిట్లు, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. పడిపోవడంలో రెండు గుంపులకీ తేడా రాలేదు. అమెరికాలో వైటల్ అనే ట్రయల్‌లో 25,871 మందిని తీసుకుని సగం మందికి రోజుకి 2,000 యూనిట్లు ఇచ్చారు, ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో రిజల్ట్ వచ్చింది. ఇంకొకటి చదివి నాకు నిజంగా భయమేసింది. మళ్ళీ ఆస్ట్రేలియాలోనే 70 దాటిన 2,256 మంది ఆడవాళ్ళ మీద జరిగింది, వాళ్ళలో సగం మందికి ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగాయి. తగ్గడం కాదు, పెరిగాయి! మన దగ్గర 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ చేయించుకుని "ఏడాదికి సరిపోతుంది" అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నా.

అలాగని పొడి మొత్తం దండగ అని నేననను. ఆ ట్రయల్స్‌లో ఉన్నవాళ్ళలో చాలామందికి అసలు డి విటమిన్ లోపమే లేదు. 1992లో ఫ్రాన్స్‌లో వచ్చిన స్టడీ చూస్తే కథ వేరేగా ఉంది, వృద్ధాశ్రమాల్లో ఉండే సగటున 84 ఏళ్ళ ఆడవాళ్ళు 3,270 మంది, వాళ్ళలో సగం మందికి రోజూ 800 యూనిట్ల డి, దాంతో పాటు కాల్షియం ఇచ్చారు, తుంటి విరగడం 43 శాతం తగ్గింది. అంటే ఎండ మొహం చూడకుండా గదిలోనే ఉండే బాగా పెద్దవాళ్ళకి, కొద్దికొద్దిగా రోజూ ఇస్తే ఉపయోగం ఉండొచ్చు. బ్లడ్ టెస్టులో తక్కువుందని డాక్టర్ రాస్తే వేసుకోవాల్సిందే. నేను చెప్పేదల్లా ఏంటంటే, పొడి తాగించాం కాబట్టి ఇక పడదులే అని నిశ్చింతగా ఉండొద్దు. మా అమ్మ పడ్డ నాటికి ఆ పొడి ఎనిమిది వారాల కోర్సు అయిపోయి నెల కూడా కాలేదు.

ఇప్పుడు బాబాయి మాట. ఎక్సర్‌సైజ్ మీద అన్నిటికంటే గట్టి ఆధారం ఉంది, ఇందులో అనుమానమే లేదు. కోక్రేన్ అని ఒక సంస్థ ప్రపంచంలో జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి లెక్కగడుతుంది, వాళ్ళు 2019లో 108 ట్రయల్స్, 23,407 మంది పెద్దవాళ్ళ లెక్క తీస్తే ఎక్సర్‌సైజ్ చేసినవాళ్ళు పడటం 23 శాతం తగ్గింది. అయితే ఏ ఎక్సర్‌సైజ్ అన్నదే అసలు విషయం. బ్యాలెన్స్ కోసం చేసేవాటికి కాళ్ళకి బలమిచ్చేవి కూడా కలిపితే 34 శాతం దాకా తగ్గింది. చైనావాళ్ళ తాయ్ చీకి 19 శాతం. ఉత్తి నడకకి మాత్రం, అది పడటాన్ని తగ్గిస్తుందని చెప్పడానికి సరిపడా ఆధారం దొరకలేదు. నడక గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, మనసుకి మరీ మంచిది, మానొద్దు. కానీ చదునైన రోడ్డు మీద అరగంట ముందుకి నడిస్తే, తడి బండ మీద పాదం జారిన ఆ అర క్షణంలో ఒంటిని నిలబెట్టుకోవడం రాదు, దానికి ఆ పనే నేర్పాలి.

ఎలా నేర్పాలో న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్ళో ఒటాగో యూనివర్సిటీవాళ్ళు 1990లలోనే చూపించారు. ఫిజియోథెరపిస్ట్ ఇంటికొచ్చి నాలుగైదు సార్లు నేర్పి వెళ్తారు, తర్వాత పెద్దవాళ్ళే వారానికి మూడు సార్లు ఓ అరగంట సొంతంగా చేసుకుంటారు. చూస్తే చాలా చిన్న పనులు. మడమలెత్తి మునివేళ్ళ మీద లేచి దిగడం, ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనించి గీత మీద నడిచినట్టు నడవడం, ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం, చీలమండకి చిన్న బరువు కట్టుకుని మోకాలు చాపడం. మొదట్లో గట్టో కుర్చీ వీపో పట్టుకుని, అలవాటయ్యాక పట్టు వదిలి. నాలుగు ట్రయల్స్‌లో 1,016 మంది మీద చూస్తే పడటం 35 శాతం తగ్గింది, 80 దాటినవాళ్ళకి కూడా పనిచేసింది. ఇందులో ఉన్న చిక్కల్లా రోజులు. ఈ రోజు మొదలుపెడితే రేపు ఫలితం రాదు, నెలలు పడుతుంది, ఆపేస్తే వచ్చింది కూడా పోతుంది. పైగా పక్షవాతం వచ్చినవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు, మోకాళ్ళు పూర్తిగా పోయినవాళ్ళు ఫిజియో చూడకుండా సొంతంగా మొదలుపెట్టకూడదు.

మూడోది నా మాట, అంటే ఇల్లు. దీని మీద 2023లో కోక్రేన్ లెక్క వచ్చింది, 22 ట్రయల్స్, 8,463 మంది. ఇంట్లో ప్రమాదాలు తగ్గిస్తే పడటం మొత్తం మీద 26 శాతం తగ్గింది. కానీ దాన్ని విడదీసి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంది, పోయిన ఏడాదిలో ఒకసారి పడ్డవాళ్ళు, ఈమధ్య హాస్పిటల్‌లో ఉండి వచ్చినవాళ్ళు, స్నానానికో బట్టలకో ఇంకొకరి సాయం కావాల్సినవాళ్ళు, వీళ్ళల్లో 38 శాతం తగ్గింది, హాయిగా తిరిగే మామూలు పెద్దవాళ్ళలో మాత్రం పెద్దగా తేడా లేదు. ఇంకో ట్రయల్ నాకు బాగా నచ్చింది, న్యూజిలాండ్‌లోనే తరనాకి అనే ప్రాంతంలో 842 ఇళ్ళు తీసుకున్నారు. మెట్లకి పట్టుకునే కమ్మీలు, బాత్రూమ్‌లో రాడ్లు, బయట లైట్లు, మెట్ల అంచులకి కనపడే రంగు, జారని పట్టీలు. ఆ పని చేసింది డాక్టర్లు కాదు, ట్రైనింగ్ తీసుకున్న బిల్డర్లు. పడి దెబ్బలు తగలడం 26 శాతం తగ్గింది. అంటే మన మేస్త్రీ, మన ప్లంబర్ కూడా ప్రాణం కాపాడే పని చేయగలరన్నమాట.

మన ఇళ్ళల్లో ఏం చూడాలో మాత్రం వాళ్ళ లిస్టులో దొరకదు, మనమే చూసుకోవాలి. పొద్దున్నే వాకిలి కడిగిన తడి, దొడ్లో నాచు పట్టిన బండలు, నున్నటి గ్రానైట్ మీద పడ్డ నీటి చుక్కలు, అరిగిపోయిన హవాయి చెప్పులు, గుమ్మం దగ్గర ముడతపడ్డ పట్టా, కాళ్ళకి అడ్డంపడే చీర కుచ్చిళ్ళు, రాత్రి కరెంటు పోతే మంచం నుంచి లెట్రిన్ దాకా చీకటి. నేల మీద కూర్చునే లెట్రిన్‌లోంచి పైకి లేవడం కూడా, పక్కన పట్టుకోడానికి ఏమీ లేకపోతే పైపు పట్టుకుని లేస్తారు, అది ఏదో ఒక రోజు ఊడి చేతికొస్తుంది. ఒక రోజంతా ఊరికే కూర్చుని అమ్మ ఎక్కడ దేన్ని పట్టుకుంటుందో చూస్తే చాలు, రాడ్డు ఎక్కడ బిగించాలో గోడ మీద చేతి మరకలే చెప్తాయి.

ఈ మూడింటి గోలలో పడి మేం ఎవ్వరం ఎత్తని రెండు విషయాలు ఇంకా ఉన్నాయి. ఒకటి నిద్ర మాత్రలు. డునెడిన్‌లోనే 1999లో, నిద్రకీ ఆందోళనకీ మాత్రలు వాడే 93 మంది మీద ఒక ట్రయల్ చేశారు, వాళ్ళలో కొందరికి మాత్ర కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపేస్తే పడటం 66 శాతం తగ్గింది, పైన చెప్పిన ఏ అంకె కంటే ఇది పెద్దది. కానీ ఆపేసినవాళ్ళలో సగానికి దగ్గరగా నెలలోపే మళ్ళీ మొదలుపెట్టేశారు, ఆ మాత్ర పట్టు అలాంటిది. సొంతంగా ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించాలి. బీపీ మాత్ర వేసుకుని మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరగడం కూడా ఇదే సందర్భంలో అడగాలి.

రెండోది కళ్ళు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రివాళ్ళు 41 వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళ కళ్ళు పరీక్షిస్తే దాదాపు 30 శాతం మందికి చూపు తగ్గి ఉంది, అందులో ఎక్కువ శుక్లాలు, తర్వాత సరైన కళ్ళజోడు లేకపోవడం. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గర 70 దాటిన 306 మంది ఆడవాళ్ళని తీసుకుని సగం మందికి మొదటి కంటి శుక్లం ఆపరేషన్ వెంటనే చేస్తే, ఆగినవాళ్ళతో పోలిస్తే పడటం 34 శాతం తగ్గింది. "ఇంకా ముదరనీ" అని ఏళ్ళ తరబడి వాయిదా వేసే మనవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పాలి. అయితే కొత్త కళ్ళజోడు పెట్టిన మొదటి రోజుల్లో జాగ్రత్త, సిడ్నీలో 616 మందితో చేసిన ట్రయల్‌లో కొత్త అద్దాలు ఇప్పించిన గుంపులోనే ఎక్కువమంది పడ్డారు, నేల ఎక్కడుందో కంటికి అలవాటయ్యేదాకా మెట్ల దగ్గర ఎవరో ఒకరు పక్కనుండాలి.

అయితే ఏది ముందు? నన్నడిగితే మనిషిని బట్టి. ఈమధ్యే పడ్డ మనిషి, లేవడానికి సాయం కావాల్సిన మనిషి అయితే ముందు ఇల్లు, అదీ ఈ వారంలోనే, ఎందుకంటే రాడ్డు బిగించిన రోజు నుంచే పనిచేస్తుంది, కండ బలం రావడానికి నెలలు కావాలి. ఇంకా బాగానే తిరుగుతున్న 65, 70 ఏళ్ళ వాళ్ళయితే రాడ్లకి తొందరలేదు, డబ్బూ ఓపికా బ్యాలెన్స్ ఎక్సర్‌సైజ్ మీద పెట్టండి. మందుల చీటీ, కంటి చెకప్ ఇద్దరికీ కావాలి. పొడి ఆఖర్న, అదీ డాక్టర్ రాస్తేనే. అన్నయ్యకి ఇదే చెప్పాను, మొదట నొచ్చుకున్నాడు, తర్వాత ప్లంబర్‌కి డబ్బులు తనే పంపించాడు.

మా ఇంట్లో ప్రస్తుతానికి బాత్రూమ్‌లో ఒకటి లెట్రిన్‌లో ఒకటి స్టీల్ రాడ్లు బిగించాం, మేస్త్రీ కూలితో కలిపి రెండు వేలు దాటలేదు, బండల మీద నాచు గీకించి గరుకు సిమెంట్ చేయించాం, మంచం పక్కన ఛార్జింగ్ లైటు పెట్టాం. అమ్మ పాలు కాగేదాకా పొయ్యి గట్టు పట్టుకుని మడమలెత్తి దించుతోంది, మొదటి వారం "ఎందుకే ఈ కుప్పిగంతులు, ఎవరన్నా చూస్తే నవ్వుతారు" అంది, ఇప్పుడు పక్కింటి అత్తయ్యకి కూడా తనే నేర్పిస్తోంది. ఒక్క గడప దగ్గరే ఆగాం. మేస్త్రీ తీసేద్దామన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు, లక్ష్మి గడప దాన్ని ముట్టుకోవద్దంది. నిలబడి చూస్తే నాకూ అర్థమైంది, వారం వారం పసుపు రాసి బియ్యప్పిండి బొట్లు పెట్టే ఆ గడప నల్ల రాయి మీద చీకట్లో కూడా కనపడుతుంది, కాలు తగిలేది దానికి కాదు, దొడ్డిగుమ్మం బయట నేల రంగులోనే కలిసిపోయిన సిమెంటు మెట్టుకి. ఆదివారం వెళ్ళి దాని అంచుకి కూడా పసుపు పెయింట్ వేసొచ్చాను.