పాత పీసీలో 8 జీబీ ర్యామ్: పీఏఈ కెర్నలా, 64-బిట్ కెర్నలా? ఏది మేలు?

"అన్నా, ఎనిమిది జీబీ ఏపిచ్చిన, లినక్స్‌ల మూడే చూపిస్తున్నది. పీఏఈ కెర్నల్ ఏస్తే సరిపోతదా, మొత్తం తీసి 64-బిట్ ఎక్కియ్యాల్నా?"

మాటలు అటూ ఇటూ మారతాయి గానీ ఈ మధ్య నాకు వచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ ఇదే. హన్మకొండలో డీటీపీ షాపులవాళ్ళు, హుజూరాబాద్, జమ్మికుంట వైపు జిరాక్స్ సెంటర్లవాళ్ళు, పిల్లల ప్రాజెక్టుల కోసం కోర్ 2 డ్యుయో డబ్బా సెకండ్ హ్యాండ్‌లో కొన్న తల్లిదండ్రులు, అందరిదీ ఒకటే లెక్క. కొత్త కంప్యూటర్‌కి డబ్బు పెట్టలేం, పాత ర్యామ్ దొరుకుతుంది, అది వేసుకుని ఇంకొన్నేళ్ళు లాగుదాం. లెక్క సరైనదే. హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ ముఖ్య ప్రోగ్రామ్‌నే కెర్నల్ అంటారు. మామూలు 32-బిట్ కెర్నల్ 4 జీబీ దాటి ర్యామ్ చూడలేదు, ఆ హద్దు దాటించే ఏర్పాటు పేరు పీఏఈ. కాకపోతే ర్యామ్ వేసిన తర్వాత చాలామంది ఉన్న 32-బిట్ సిస్టమ్‌ని కదపకుండా పీఏఈ కెర్నల్ ఒక్కటి మార్చుకుని బయటపడదామని చూస్తారు. ఎందుకంటే మళ్ళీ ఇన్‌స్టాల్ అంటే ప్రింటర్ డ్రైవర్, ఫాంట్లు, వైన్‌లో (లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపేది) నడిచే పేజ్‌మేకర్, అన్నీ మొదటి నుంచి. ఆ టెన్షన్ నాకు తెలుసు. అయినా నా ఓటు ఎటో దాచను, 64-బిట్‌కే. ఎందుకో కొంచెం వివరంగా చెప్తా.

ముందు బోర్డు సంగతి తేల్చుకోండి, లేకపోతే ఈ చర్చంతా దండగ. ఇంటెల్ 945 చిప్‌సెట్ (ర్యామ్‌ని, పరికరాలని ప్రాసెసర్‌తో కలిపే చిప్‌లు) ఉన్న బోర్డులో 4 జీబీ పెడితే వాడుకోవడానికి దొరికేది 3.2 జీబీ అటూ ఇటూ, అంతే. 4 జీబీ లోపు చిరునామాల్లో (మెమరీలో ప్రతి చోటుకీ ఉండే నంబర్లు) కొన్ని గ్రాఫిక్స్‌కి, పీసీఐ పరికరాలకి పోతాయి. వాటి కింద పడిపోయిన ర్యామ్‌ని ఎత్తి 4 జీబీ గీత పైన చూపించడం ఆ చిప్‌సెట్‌కి రాదు. అక్కడ పీఏఈ వేసినా 64-బిట్ వేసినా పోయింది పోయినట్టే. జీ31 చిప్‌సెట్‌లో గరిష్ఠం 4 జీబీ, జీ41లో 8, హెచ్61లో 16. కొన్ని బోర్డుల్లో బయాస్‌లో (ఆన్ చేయగానే తెరుచుకునే బోర్డు సెటప్) మెమరీ రీమ్యాప్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే ఏ కెర్నల్ వేసినా లాభం లేదు, ముందు అది ఆన్ చేసి చూడండి. బోర్డుకి ఎంత పడుతుందో డీఎమ్‌ఐడీకోడ్ కమాండ్ చెప్తుంది గానీ అది బయాస్ రాసి పెట్టుకున్నది చదివి చెప్పడమే, ఒక్కోసారి తప్పుంటుంది. బోర్డు మోడల్ నంబర్ వెతికి కంపెనీ మాన్యువల్ చూడటం నయం.

ఇక ప్రాసెసర్. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొడితే పై వరుసల్లోనే 32-బిట్, 64-బిట్ రెండూ నడుస్తాయా, ఒక్కటేనా అన్నది కనిపిస్తుంది. పీఏఈ వైపు వాదించేవాళ్ళు పట్టించుకోని విషయం ఇక్కడే ఉంది. పీఏఈ 1995లో పెంటియమ్ ప్రోతో వచ్చింది. చిరునామాని 36 బిట్లకి పెంచి 64 జీబీ దాకా చూడగలిగేలా చేసింది, ఆ రోజుల్లో సర్వర్ల కోసం. ఏఎండీ 2003లో అథ్లాన్ 64 తెచ్చింది, ఇంటెల్ కోర్ 2 డ్యుయో 2006లో వచ్చింది. ఇళ్ళల్లో, షాపుల్లో ఉండే కంప్యూటర్ల వరకు చూస్తే, 4 జీబీ దాటి ర్యామ్ పట్టే బోర్డు మీద ఉన్న ప్రాసెసర్‌కి 64-బిట్ దాదాపు తప్పకుండా వస్తుంది. 64-బిట్ రానివి, అంటే తొలినాళ్ళ పెంటియమ్ 4, 2006 నాటి కోర్ డ్యుయో, నెట్‌బుక్‌ల్లో వచ్చిన ఆటమ్ ఎన్270 లాంటివి, వాటి బోర్డులు మామూలుగా 4 జీబీ దాటవు, ఆటమ్ నెట్‌బుక్ అయితే 2 దగ్గరే ఆగుతుంది. మరి పీఏఈ అవసరం ఎవరికి? కాలేజీ ల్యాబ్‌ల్లో మూలన పడేసిన పాత జియాన్ సర్వర్లకి ఉండొచ్చు. మనకి కాదు.

"అయినా నడుస్తుంది కదా" అంటారు. నడుస్తుంది, కాదనను. 4 జీబీకి బాగానే నడుస్తుంది, 8 జీబీకి కూడా మామూలు పనులకి ఇబ్బంది ఉండకపోవచ్చు. ఒక్కో ప్రోగ్రామ్‌కి 3 జీబీ మించి దక్కదన్న పరిమితి కూడా నాకు పెద్దగా పట్టింపు లేదు, ఇప్పటి బ్రౌజర్లు ట్యాబ్‌లని విడివిడి ప్రాసెస్‌లుగానే నడుపుతాయి. నన్ను 64-బిట్ వైపు తోసేది వేరే ఉంది, దాని పేరు లోమెమ్. నా దృష్టిలో నిర్ణయం అంతా దీని మీదే.

32-బిట్ కెర్నల్ తన 4 జీబీ చిరునామాల్లో 3 ప్రోగ్రామ్‌కి ఇచ్చి 1 తను ఉంచుకుంటుంది. ఆ ఒక్క జీబీలో కూడా ర్యామ్‌ని నేరుగా పట్టుకోగలిగేది 896 ఎంబీ. మీరు 8 వేసినా 16 వేసినా ఆ 896 మారదు. దాని పైనున్నదంతా హైమెమ్, కెర్నల్ దాన్ని ముట్టుకోవాలంటే అప్పటికప్పుడు ఒక కిటికీ తెరిచి చూసి మూసేయాలి. ప్రోగ్రాముల డేటా హైమెమ్‌లో హాయిగా ఉంటుంది, కానీ కెర్నల్ సొంత సామాను, అంటే ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్ వివరాల రికార్డు), ఫోల్డర్ పేర్ల క్యాష్, ప్రాసెస్‌ల స్టాక్‌లు, నెట్‌వర్క్ బఫర్లు, ఇవన్నీ ఆ 896లోనే సర్దుకోవాలి. దీనికి తోడు ర్యామ్‌లోని ప్రతి 4 కేబీ ముక్కకి (దీన్నే పేజీ అంటారు) కెర్నల్ ఒక చిన్న రికార్డు రాసుకుంటుంది, 32-బిట్‌లో దాదాపు 32 బైట్లు. అది కూడా అక్కడే. 8 జీబీకి ఈ రికార్డులే 64 ఎంబీ, 16కి 128, 64 జీబీకి 512 ఎంబీ. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఎన్ని గోదాములు కట్టినా బస్తాల చిట్టాలన్నీ పాత చిన్న గదిలోనే పెట్టాలన్నట్టు, గోదాము పెరిగేకొద్దీ చిట్టాలు పెరిగి గుమస్తాకి కూర్చునే చోటు ఉండదు.

అంటే పీఏఈలో ర్యామ్ పెంచడం కెర్నల్‌కి మిగిలే చోటుని తగ్గించడమే. డబ్బు పెట్టి కొన్న ర్యామ్ ఇలా ఎదురుతిరగడం నాకు నచ్చదు.

దీని లక్షణం ఎలా ఉంటుందో తెలిస్తే మీరే గుర్తుపడతారు. ఫోటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌ల ఫోల్డర్లు, వేలకొద్దీ ఫైళ్ళు, బయటి హార్డ్ డిస్క్‌కి కాపీ పెట్టారనుకోండి. ఐనోడ్‌లు, పేర్ల క్యాష్ పెరుగుతూ లోమెమ్ నిండిపోతుంది. మౌస్ కదలదు, కాపీ నత్తనడక పడుతుంది, కాసేపటికి కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది, ఎక్కువసార్లు బ్రౌజర్‌నే. ఖాళీ మెమరీ చూపే ఫ్రీ కమాండ్ కొట్టి చూస్తే 5 జీబీ ఖాళీ! "ర్యామ్ చెడిపోయినట్టుంది" అని మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపిస్తారు, అందులో ఏ తప్పూ దొరకదు. ఫ్రీ పక్కన హైఫన్ ఎల్ అని కలిపి కొట్టండి, లో, హై అని రెండు వరుసలు విడిగా వస్తాయి. హై ఖాళీగా ఉండి లో అడుగంటితే దొంగ దొరికినట్టే. ఇంకొకటి, డిస్క్‌కి రాయాల్సిన డేటా ఎంత పోగవ్వచ్చన్న హద్దుని కూడా 32-బిట్ కెర్నల్ మామూలుగా లోమెమ్‌ని బట్టే లెక్కగడుతుంది. అందుకే 16 జీబీ ఉన్న పీఏఈ మెషీన్‌లో కాపీ వేగం ఒక్కోసారి 4 జీబీ మెషీన్ కన్నా ఘోరంగా పడిపోతుంది. దీనికి హైమెమ్‌ని కూడా లెక్కలో కలపమని చెప్పే ఒక కెర్నల్ సెట్టింగ్ ఉంది, కానీ అది కట్టు కట్టడమే, గాయం అలాగే ఉంటుంది.

64-బిట్ కెర్నల్‌లో లోమెమ్, హైమెమ్ గొడవే లేదు. ఉన్న ర్యామ్ అంతా నేరుగా అందుతుంది.

"64-బిట్ ఎక్కువ మెమరీ తింటది అన్నా" అన్నది ఎదురు వాదన. తింటుంది, పాయింటర్లు (ప్రోగ్రామ్ దాచుకునే మెమరీ చిరునామాలు) 4 బైట్ల నుంచి 8 అవుతాయి కాబట్టి. కానీ బ్రౌజర్ మెమరీలో ఉండే బొమ్మలు, వీడియో, ఫాంట్లు 64-బిట్ అయినంత మాత్రాన లావెక్కవు. పైగా ప్రాసెసర్‌లో మామూలు రిజిస్టర్లు (లెక్కలకి చేతికందే చిన్న గూళ్ళు) 8 నుంచి 16 అవుతాయి, కొన్ని పనులు దాంతో చురుగ్గా సాగుతాయి. 1 జీబీ ఉన్న మెషీన్‌కి ఈ వాదన చెల్లుతుంది, 2 జీబీ దగ్గర తక్కెడ అటూ ఇటూ ఊగుతుంది, 4 దాటాక దాని గురించి ఆలోచించడం అనవసరం.

మధ్యే మార్గం ఒకటి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ప్రోగ్రాములన్నీ 32-బిట్‌వే ఉంచి కెర్నల్ ఒక్కటి 64-బిట్‌ది వేసుకోవడం. 32-బిట్ డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) ఉంటే డీపీకేజీకి (ప్యాకేజీలు చూసుకునే ప్రోగ్రామ్) ఏఎండీ64 ఆర్కిటెక్చర్‌ని (ప్రాసెసర్ ఇంటెల్‌దైనా 64-బిట్‌కి డెబియన్‌లో పేరు ఇదే) జోడించి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, ఆ ఆర్కిటెక్చర్ కెర్నల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే అయిపోతుంది. లోమెమ్ బాధ పోతుంది, 32-బిట్ ప్రోగ్రామ్‌కి 3 జీబీ బదులు దాదాపు మొత్తం 4 దక్కుతుంది. ఏదైనా తేడా కొడితే బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎలాగూ ఉంటుంది. డీటీపీ షాపులో సీజన్ మధ్య, పెళ్ళి కార్డుల పని తల మీద ఉన్నప్పుడు, మొత్తం ఇన్‌స్టాల్ చేయలేని వాళ్ళకి నేను చెప్పేది ఇదే. చిక్కు ఏమిటంటే మెషీన్ తనని 64-బిట్ అని చెప్పుకుంటుంది కాబట్టి కొన్ని ప్రింటర్ డ్రైవర్ల ఇన్‌స్టాలర్లు తికమకపడతాయి. అప్పుడు ముందు లినక్స్32 అని పెట్టి ఆ కమాండ్ నడిపితే చాలావరకు దారికొస్తాయి. ఇది తాత్కాలికం అనుకోండి, పని తగ్గాక పూర్తి 64-బిట్‌కి మారిపోండి. అను ఫాంట్లతో వైన్‌లో నడిచే పేజ్‌మేకర్ పోతుందేమో అని భయం వద్దు, 64-బిట్ డెబియన్‌లో కూడా 32-బిట్ వైన్ పెట్టుకోవచ్చు. ఫాంట్ల ఫోల్డర్ మాత్రం ముందే వేరే చోట కాపీ పెట్టుకోండి.

మారక తప్పదని ఎందుకంటున్నానంటే, 32-బిట్ వెనక నిలబడేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. గూగుల్ క్రోమ్ లినక్స్‌లో 32-బిట్‌ని 2016లోనే వదిలేసింది. ఉబుంటు డెస్క్‌టాప్ 17.10 నుంచి 32-బిట్ ఇన్‌స్టాల్ డిస్క్ ఇవ్వడం మానేసింది. 2025లో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకి కెర్నల్ లేదు, ఇన్‌స్టాలర్ లేదు. ఫైర్‌ఫాక్స్ 145 నుంచి 32-బిట్ లినక్స్‌కి రావడం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, 2025లోనే వచ్చిన లినక్స్ 6.15 కెర్నల్‌లో 32-బిట్ మీద 4 జీబీ దాటి ర్యామ్ వాడే సదుపాయాన్నే పీకేశారు. అంటే ఇవాళ పీఏఈ నమ్ముకుంటే పాత కెర్నల్‌కి కట్టుబడి ఉండాల్సిందే.

జీరామ్ (డేటాని కుదించి ర్యామ్‌లోనే పెట్టేది) సంగతీ అడుగుతున్నారు. పెట్టుకోండి, దేనితోనైనా కలిసిపోతుంది, 2 జీబీ, 4 జీబీ మెషీన్లకి చాలా మేలు, 8 ఉన్నవాళ్ళకి పెద్ద తేడా తెలియదు. ఎస్‌ఎస్‌డీ మీద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) కూడా సరే.

ర్యామ్ ఇంకా కొననివాళ్ళకి ఒక్క మాట. జీ41 బోర్డు డీడీఆర్3 అయితే 4 జీబీ స్టిక్ మీద చిప్‌లు రెండు వైపులా కలిపి 16 ఉండాలి, 8 చిప్‌ల స్టిక్ పెడితే చాలా బోర్డులు బూట్ కూడా కావు, లేదా సగమే చూపిస్తాయి. ఏఎండీ బోర్డులకి మాత్రమే అని చవగ్గా అమ్మే స్టిక్‌లు ఇంటెల్ బోర్డులో పనిచేయవు. ఇక్కడ దొరక్క సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) వెళ్ళేవాళ్ళు బోర్డు మోడల్ ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్ళండి, పని చేయకపోతే మార్చిస్తానని బిల్లు మీద రాయించుకోండి, మళ్ళీ కాజీపేట రైలెక్కాక అడిగేదేమీ ఉండదు.