లొరైన్ లీ గులాబీ: జూలై చలిలోనూ పూత

మెల్‌బోర్న్‌లో ఓ నర్సరీ నుంచి ఈ మొక్క తెచ్చి మూడేళ్లయింది. మొన్న జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, పక్కింటి గులాబీలన్నీ మోడులై ఉంటే, మా గోడవారన ఇది పదకొండు పూలు పూసింది. గులాబీ రంగులో కాస్త ఆప్రికాట్ ఛాయ. ముక్కు దగ్గర పెడితే, టీపొడి డబ్బా మూత తీసినట్టే!

1924 నాటి రకం. సృష్టికర్త అలిస్టర్ క్లార్క్‌ది ఇక్కడికి దగ్గర్లోని బుల్లా. మన మణిపూర్ కొండల్లోనూ పెరిగే అడవి గులాబీ రోజా జైగాంటియా దీని పూర్వీకురాలు. చలికాలపు పూత దాని చలవే.

చలికాలంలో మాత్రం కత్తిరించకండి. మొదటి ఏడు అలా చేసి పూలన్నీ పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. వేసవి చివర్లో తేలిగ్గా కత్తిరిస్తే చాలు. ఇలాంటి పాత రకం మా ఒక్క పెరట్లోనే ఉండిపోకూడదని రెండు కొమ్మలు నాటాను. వేళ్లు పట్టాయి. ఒకటి అక్కకి.