తేలినీలాపురంలో 800 రూపాయల చప్పట్లు

ఈ ప్రయాణంలో చప్పట్ల సంగతి ఒకటి చెప్పాలి. ఇంటికొచ్చి పది రోజులైనా అది నాకు మింగుడు పడటం లేదు.

అత్తయ్యకి కార్తీకమాసంలో శ్రీముఖలింగం చూడాలని ఎప్పటినుంచో కోరిక. అయిదో తరగతి చదివే మావాడికి పక్షుల పిచ్చి. ఆ గుడీ, తేలినీలాపురం, తేలుకుంచి అనే పక్షుల ఊళ్లూ శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి, రెండూ కలిసొస్తాయని విజయనగరం నుంచి బయల్దేరాం. శ్రీకాకుళం దాకా ఆర్టీసీ బస్సు. అత్తయ్యకీ నాకూ ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. అక్కడ మూడు రోజులకి కారు మాట్లాడుకున్నాం, డీజిలుతో కలిపి 7,500. "పక్షుల గైడుని కూడా నేనేనండి, ఆ ఊళ్లన్నీ నాకు కొట్టిన పిండి" అని డ్రైవరు మరో 800 అడిగితే మా ఆయన సరేనన్నారు. ముఖలింగంలో దర్శనం హాయిగా అయింది. రాత్రికి టెక్కలి చేరాం.

టెక్కలిలో దిగిన లాడ్జి గురించి ఒక్క మాట. ఫోన్లో గది 1,400 అన్నారు. సామాన్లు దించాక కౌంటర్లో 2,000 అన్నారు. అదేమంటే, "పక్షుల సీజను కదమ్మా." వేణ్ణీళ్లు బకెట్టుకి 50. దుప్పటి మార్చమంటే రాత్రి పదకొండుకి మార్చారు. అత్తయ్య తెల్లవారుజామున చన్నీళ్లే పోసుకుని దీపం పెట్టుకున్నారు, ఆ రోజంతా దగ్గారు. పక్షుల పేరు చెప్పి 600 ఎక్కువ తీసుకున్నవాళ్లు ఆ పక్షుల కోసం ఏం చేస్తున్నారని అడగాలనిపించింది. వాదన పెట్టుకోవద్దని మా ఆయన ఆపారు.

పొద్దున్నే ఆరున్నరకి టెక్కలి దగ్గర్లోని తేలినీలాపురంలో ఉన్నాం. ఊరి చింతచెట్ల నిండా పక్షులు. రెండు రకాలు ముఖ్యం. ఒకటి గూడబాతు, అంటే పెలికాన్. ముక్కు కింద సంచి వేలాడుతుంటుంది, పక్కనున్న నౌపడ తంపరలో, అంటే చిత్తడి నేలలో, పట్టిన చేపల్ని అందులో వేసుకొస్తుంది. రెండోది పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీరంగు ఈకలున్న రంగుల కొంగ. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని ఎగరేసుకుని వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. మేం వెళ్లేసరికి చాలా గూళ్లలో గుడ్ల మీద కూర్చున్నాయి. మావాడు నోరు తెరిచి చూస్తున్నాడు. వాడి చేతిలో బైనాక్యులర్ ఉన్నా కళ్లకి పెట్టుకోవడం మర్చిపోయాడు. అంత దగ్గర, ఇళ్ల కప్పుల మీదికి వాలిన కొమ్మల్లో.

"ఇవి సైబీరియా నుంచి వచ్చాయండి," అన్నాడు మా గైడు. కాదు. ఈ రెండు జాతులూ మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ పుట్టి పెరిగేవే. నీళ్లు, చేపలు, గూటికి చెట్టు ఎక్కడ దొరికితే అక్కడికి మారుతుంటాయి. సరే, చాలామంది అనే మాటే కదా అని ఊరుకున్నాను. తర్వాత అతను చేసింది మాత్రం ఊరుకునేది కాదు. "బాబుకి ఎగిరేది వీడియో తీయిద్దాం" అంటూ తిన్నగా చెట్టు కిందికి వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి టపటపా చప్పట్లు కొట్టాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు.

చెట్టు మొత్తం లేచిపోయింది. అంత పెద్ద రెక్కలు ఒక్కసారి కొట్టుకుంటే వచ్చే చప్పుడు గుండెల్లో తగులుతుంది. ఖాళీ అయిన గూళ్ల వైపు అప్పటిదాకా కనపడని కాకులు ఎటునుంచి వచ్చాయో వచ్చేశాయి. మావాడు ఫోను దించేసి నా కొంగు పట్టుకున్నాడు.

పక్కింటి అరుగు మీద చీపురు కట్టుకుంటున్న ముసలమ్మ లేచి వచ్చింది. "ఏటి బాబూ నీకేటి పుట్టింది? తల్లులు గుడ్ల మీద ఉన్నాయి, కనపడతన్నేదా? అవి లెగిస్తే కాకులు ఊరుకుంటాయేటి?" అని అతన్ని కడిగేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ తల్లివే కదమ్మా, సూస్తా ఉన్నావా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. 800కి ఒప్పుకుని ఆ మనిషిని తెచ్చుకున్నది మేమే.

అత్తయ్యే వెళ్లి ఆవిడ చేతులు పట్టుకున్నారు. అయిదు నిమిషాల్లో ఇద్దరూ అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. వాళ్ల పెరటి చింతచెట్టు మీదా గూళ్లున్నాయట. గూళ్లున్నన్నాళ్లూ ఆ చెట్టు కాయ దులపరు, కొమ్మ కొట్టరు. పిల్లల్ని కర్రా రాయీ పట్టుకోనివ్వరు. రెట్టల కంపుంటుంది, చేపల నీచు ఉంటుంది, వాకిట్లో ఎండబెట్టిన వడియాలు పాడవుతాయి. "కంపు మాకలవాటే. అవి రాని ఏడే భయం. అవొస్తేనే వాన, పంట" అందావిడ. గూట్లోంచి జారిన పిల్ల కనపడితే ఊళ్లో కుర్రాళ్లు గంప పట్టుకుని పరిగెడతారని కూడా చెప్పింది. 2022 జనవరి ప్రాంతంలో ఇక్కడ గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. తిన్న చేపల ద్వారా కడుపులో నులిపురుగులు చేరడమే కారణమని తేల్చారు. ఆ రోజుల సంగతి చెప్తూ ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఎవరైనా వెళ్తే నా మాట వినండి. పక్షుల ప్యాకేజీ అంటూ కారు మాట్లాడుకోవద్దు. టెక్కలి నుంచి ఆటోకి రానూపోనూ, ఆగడంతో కలిపి 300 అని అక్కడివాళ్లు చెప్పారు, అది చాలు. వాచ్ టవర్ ఎక్కి చూడండి. టోపీ పెట్టుకోండి, రెట్ట తప్పదు. ఎగిరే వీడియో కావాలంటే సాయంత్రం దాకా ఆగండి, అవే తంపర నుంచి వరసలు కట్టి వస్తాయి. చేతిలో వంద మిగిలితే టెక్కలిలో కాకుండా ఆ ఊరి కొట్లో ఖర్చు పెట్టండి. కంపు భరించేది ఆ ఊరు, లాభం లాడ్జీకా?

అక్కణ్నుంచి ఇచ్ఛాపురం వైపు. కారులో ఎవరూ మాట్లాడలేదు. సోంపేట దగ్గర నేనే ఆపించాను, బీల చూడాలని. వాన నీళ్లన్నీ చేరి నిలిచే పల్లపు భూమిని ఇక్కడ బీల అంటారు. వరి, చేపలు, పశువులకి మేత, చుట్టుపక్కల ఊళ్లకి ఊట, అన్నీ దాన్నుంచే. దీన్ని పనికిరాని చిత్తడి అని కాగితాల మీద రాసి, థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చేశారు. రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఇప్పుడక్కడ చూస్తే వరిచేలు, తామరాకులు, నీళ్లలో నడుస్తున్న గేదెలు. చూడటానికి ప్రత్యేకంగా ఏమీ లేదని మా ఆయన అన్నారు. ఏమీ మారకుండా అలాగే ఉంచడానికే వాళ్లు అంత పోరాడారని చెప్పాను. ఆయన కారు దిగి గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు.

బారువలో రాత్రి గడిపాం. 1,200కి శుభ్రమైన గది, అన్నది అన్నట్టే తీసుకున్నారు. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టేది జనవరి నుంచి కాబట్టి మాకు ఇసకే దక్కింది.

మర్నాడు ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి. ఇక్కడికి వచ్చేది వేరే కొంగ, ఓపెన్‌బిల్. ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనపడుతుంది. నత్తను గుల్లలోంచి లాగడానికి ఆ ముక్కు పనికొస్తుంది. పొలంలో నాట్లు కొరికే నత్తలు వీటికి తిండి, అందుకే రైతుకి ఇవి చుట్టాలు. తొలకరితో వస్తాయి, కార్తీకానికల్లా పిల్లలు ఎదిగి వెళ్లిపోతుంటాయి. మేం వెళ్లేటప్పటికి సగం గూళ్లు ఖాళీ. ఈసారి డ్రైవర్ని కారులోనే ఉండమన్నాను.

భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఒక ఇంటావిడ లోపలికి రమ్మంది. అత్తయ్య కార్తీక నియమాలు చెప్పారు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ముప్పావుగంటలో విస్తరాకుల్లో ఆనపకాయ ఆవపెట్టిన కూర, కందిపప్పు, గుమ్మడి వడియాలు, చిక్కటి మజ్జిగ. ఆవ ఘాటుకి అత్తయ్య దగ్గు కూడా తగ్గినట్టయింది, రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వాళ్ల ఊళ్లో చింతచెట్లు ఎన్నో పడిపోయాయని ఆ ఇంటాయన చెప్పాడు. తర్వాతి ఏడాది కొంగలు వచ్చి గూటికి చోటు లేక ఇళ్ల మీద తిరిగాయట. అప్పుడు నాటిన చింతమొక్కను మావాడికి చూపించాడు. వాడి ఎత్తుకి రెండింతలుంది, గూడు మోసే లావు ఇంకా రాలేదు. నలుగురికీ 500 ఇస్తే ఆవిడ 300 తీసుకుని మిగతావి మావాడి జేబులో పెట్టేసింది. "కొంగల్ని సూడ్డానికొచ్చినోల్లు మాకు సుట్టాలే కదమ్మా."

సాయంత్రం శ్రీకాకుళం కాంప్లెక్సు దగ్గర దిగాం. 7,500 ఇచ్చి, గైడు డబ్బులు ఇవ్వనని చెప్పాను. చప్పట్లకి నేను కూలి ఇవ్వను అన్నాను. అతను గొంతు పెంచాడు, జనం చూశారు. నేను బస్సు ఎక్కి కూర్చున్నాక మా ఆయన కిందే ఉండిపోయారు. రెండు నిమిషాలకి వచ్చి పక్కన కూర్చుని, "ఇచ్చేశాలే, గొడవెందుకు" అన్నారు.

విజయనగరం వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. మావాడు జేబులోంచి ఆ 200 తీసి, మళ్లీ తేలినీలాపురం వెళ్తే ఆటోకి ఎంత తగ్గుతుందో లెక్క చూసుకుంటున్నాడు.